మస్టర్ చదివి వినిపించే చోట

2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా నార్పల మండలంలోని బండ్లపల్లిలో అప్పటి ప్రధానమంత్రి మన్మోహన్ సింగ్ జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకాన్ని ప్రారంభించారు. ఏడాది మొత్తం మీద 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా మాత్రమే వాన పడే జిల్లాలో, వేరుశనగ ఎండిపోతే మరో ఆధారం దొరకని పల్లెలో ఆ పథకం ఎందుకు మొదలైందో ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు. కుటుంబానికి ఏడాదికి వంద రోజుల పని, పదిహేను రోజుల్లోగా కూలి అన్న రెండు మాటలు ఆనాటి నుంచి జనం నోట నిలిచిపోయాయి. అయితే ఆ పథకానికి ఆధారమైన 2005 నాటి చట్టంలో 17వ సెక్షన్ ఒకటి పెట్టారు. పంచాయతీ పరిధిలో జరిగిన పనులన్నింటినీ గ్రామసభ క్రమం తప్పకుండా తనిఖీ చేయాలనీ, అందుకోసం మస్టర్లు (కూలీల హాజరు పట్టీలు), బిల్లులు, ఓచర్లు, కొలతల పుస్తకాలు, మంజూరు ఉత్తర్వుల నకళ్లు సభ ముందు పెట్టాలనీ ఆ సెక్షన్ చెప్పింది. కూలి గురించి జరిగినంత చర్చ ఈ సెక్షన్ గురించి జరగలేదు. రాజకీయాల్లో నీతి గురించి, బహిరంగ చర్చ స్థాయి గురించి ఇవాళ మాట్లాడదలచుకుంటే ఇక్కడి నుంచే మొదలుపెట్టడం మేలు. ఒక చర్చ నిజాయితీగా సాగడానికి ఏమేమి కావాలో రాయలసీమ పల్లెల్లో ఈ తనిఖీ ఆచరణలో చూపించింది; అలాంటి చర్చ కూడా ఎక్కడ చతికిలపడుతుందో అంతే స్పష్టంగా చూపించింది.

ఈ పద్ధతికి మూలం సచివాలయాల్లో లేదు. 1990లలో రాజస్థాన్ పల్లెల్లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ అనే సంఘం పంచాయతీ లెక్కలను సంపాదించి, ఊరందరినీ ఒకచోట కూర్చోబెట్టి, ఒక్కో పద్దునూ పైకి చదివి వినిపించడం మొదలుపెట్టింది. పనికి రాని మనిషి పేరిట రాసిన కూలి, పూర్తి కాని కట్టడానికి చెల్లించిన బిల్లు అలా బయటపడ్డాయి. ఆ సభలను వాళ్లు జన సున్వాయి, అంటే ప్రజా విచారణ, అన్నారు. సమాచార హక్కు కోసం దేశంలో నడిచిన ఉద్యమానికి బలం అక్కడి నుంచే వచ్చింది. 2005లో ఆ హక్కుకూ, ఉపాధి హామీకీ చట్టాలు వచ్చాక, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఈ పద్ధతిని ప్రభుత్వమే నడిపే ఏర్పాటుగా మార్చుకుంది. 2006లోనే అనంతపురం జిల్లాలో పెద్ద ఎత్తున సామాజిక తనిఖీ జరిగింది. 2009లో ఈ పని కోసమే ఒక ప్రత్యేక సంస్థ ఏర్పడింది. పనులు చేయించినవాళ్లే తమ లెక్కను తాము తనిఖీ చేసుకోకూడదనీ, ఆరు నెలలకు ఒకసారైనా తనిఖీ జరగాలనీ 2011లో కేంద్రం నియమాలు చేసింది. లెక్క అడగడం ఎవరి దయ మీదా ఆధారపడని పనిగా, కనీసం కాగితం మీద, స్థిరపడింది.

తనిఖీని దగ్గరగా చూస్తే తప్ప దాని విలువ తెలియదు. తనిఖీ బృందంలో ఉండేది ఎక్కువగా కూలి కుటుంబాల్లోంచి వచ్చి, పదో తరగతో ఇంటరో చదువుకున్న యువతీ యువకులు. వాళ్లు తమ సొంత ఊరి లెక్క చూడరు, పక్క ఊళ్లకు పోతారు. మండల కార్యాలయం నుంచి తెచ్చుకున్న మస్టర్ల కట్ట చేత పట్టుకొని ఇల్లిల్లూ తిరుగుతారు. కర్నూలు జిల్లా పడమటి మండలాల్లోని ఏ ఊళ్లోనైనా కనిపించగల దృశ్యం ఒకటి చెప్పుకుందాం. అరుగు మీద ఒక నడివయసు మనిషి కూర్చొని ఉంటుంది. ఆమె జాబ్ కార్డు ప్లాస్టిక్ సంచిలో మడతలు పడి, నూనె మరకలతో ఉంటుంది. లోపలి పేజీలు చాలా వరకు ఖాళీ. ఎదురుగా కూర్చొన్న అమ్మాయి మస్టరు చూసి, "అమ్మా, ఫిబ్రవరిలో నీ పేర పద్దెనిమిది దినాలు పని పడింది, చెరువు పూడికతీత" అని చదువుతుంది. ఆమె కాసేపు ఆలోచించి, "ఆ నెల మేము ఊర్లో యాడుంటిమి పాపా? సుగ్గికి పోయింటిమి, గుంటూరు పక్క మిరప్పండ్లు కోసేదానికి. ఉగాదికి ఇల్లు చేరినాం" అంటుంది. సుగ్గి అంటే ఆ ప్రాంతంలో కోతల కాలపు వలస. ఇంటికి తాళం వేసి, పిల్లల్ని వెంట తీసుకొని, లారీలూ ఆటోలూ పట్టుకొని పోయే వలస. ఊళ్లో లేని మనిషి పేరిట ఊళ్లో పని జరిగినట్టు రాసిన ఆ ఒక్క పంక్తి, రోజుకు మూడు వందల రూపాయల చొప్పున లెక్క వేసినా ఐదు వేల నాలుగు వందల రూపాయలు. అమ్మాయి ఆమె చెప్పినదంతా రాసుకొని, తిరిగి చదివి వినిపించి, సరేనంటేనే వేలిముద్ర వేయించుకుంటుంది.

తనిఖీలో అన్నిటికన్నా ముఖ్యమైన ఘట్టం ఇదేనని చెప్పాలి. ఒక ప్రభుత్వ కాగితం, ఆ కాగితంలో పేరున్న మనిషి, ఒకచోట కలుసుకున్నారు. అంతవరకు ఆ కాగితం ఆమె గురించి మాట్లాడింది గానీ ఆమెతో మాట్లాడలేదు.

తర్వాత మండల కేంద్రంలో ప్రజావేదిక జరుగుతుంది. షామియానా కింద ఒకవైపు జిల్లా నుంచి వచ్చిన అధికారి, ఎంపీడీఓ కూర్చుంటారు. మరోవైపు మండలంలో పథకం చూసే ఏపీఓ, పనులు కొలిచే టెక్నికల్ అసిస్టెంట్లు, ఊళ్లో పనులు చేయించే ఫీల్డ్ అసిస్టెంట్లు, కొన్ని చోట్ల పోస్టాఫీసు సిబ్బంది నిలబడతారు. నేల మీద పరిచిన పట్టాల మీద కూలీలు. ఊరు తరువాత ఊరు, పద్దు తరువాత పద్దు పైకి చదువుతారు. ఏ పని, ఏ తేదీ, ఎంత సొమ్ము, మస్టరులో ఏముంది, మనిషి ఏం చెప్పింది, పని చోట కొలిస్తే ఎంత తేలింది అన్నవి వరసగా వస్తాయి. ఫీల్డ్ అసిస్టెంట్‌కు మైకు ఇస్తారు. అతను కాదనవచ్చు, ఒప్పుకోవచ్చు, ఆ రోజు వేరే మేట్ (కూలీల జట్టును చూసుకునే మనిషి) హాజరు వేశాడని చెప్పవచ్చు. చెప్పినదానికి ఆధారం ఉంటే చూపించాలి. తరువాత అధికారి అందరి ముందు నిర్ణయం చెప్పాలి: ఇంత రికవరీ, ఇతనికి నోటీసు, ఈ అంశం మళ్లీ విచారణకు. నిర్ణయం పుస్తకంలోకి ఎక్కుతుంది. పొద్దున మొదలైన వేదిక రాత్రి పొద్దుపోయేదాకా సాగడం మామూలే. అన్నం పొట్లాలు తెచ్చుకొని, చంకన బిడ్డతో, తమ ఊరి వంతు వచ్చేదాకా కదలకుండా కూర్చొనే ఆడవాళ్లను చూస్తే, సామాన్యులకు రాజకీయ చర్చ అక్కర్లేదన్న మాటలో ఎంత మాత్రం నిజం లేదని తెలిసిపోతుంది. వాళ్లకు అక్కర్లేనిది తమకు జవాబు దొరకని చర్చ.

సోమవారం నాడు కలెక్టరేటులో అర్జీ ఇవ్వడానికీ, ఈ వేదికకూ తేడా ఉంది. అర్జీ ఒంటరి పని. ఒక మనిషి తన బాధ కాగితం మీద రాయించుకొని పోతే, దాని మీద నంబరు పడి, అది తిరిగి తిరిగి చివరకు ఎవరి మీద ఫిర్యాదు చేశారో ఆ కార్యాలయానికే విచారణ కోసం చేరుతుంది. కొన్నాళ్లకు ఎండార్స్‌మెంటు, అంటే అర్జీ ఏమైందో చెప్పే రాతపూర్వక జవాబు, వస్తుంది. ఆ ఎండార్స్‌మెంటులో ఏముందో అర్జీదారుకు తప్ప మరొకరికి తెలియదు, ఒక్కోసారి అర్జీదారుకు కూడా సరిగా తెలియదు. ప్రజావేదికలో అడిగినవారు, అడిగించుకున్నవారు, తీర్పు చెప్పేవారు, సాక్షులు అంతా ఒకే షామియానా కింద ఉంటారు. అబద్ధం ఆడాలంటే అది అబద్ధమని తెలిసినవాళ్ల ముఖం చూస్తూ ఆడాలి. బహిరంగ చర్చలో నీతి అంటే మాట్లాడేవాళ్ల మనసు మంచిదై ఉండడమే అనుకుంటాం. మనసు సంగతి ఎవరు చూడగలరు? మంచివాళ్లూ చెడ్డవాళ్లూ ఒకే విధంగా జవాబు చెప్పాల్సిన ఏర్పాటు ఉందా లేదా అన్నదే చూడగలిగిన విషయం.

చదివి వినిపించడం అన్న పనికి ఈ నేల మీద ఒక పాత వరస ఉంది. కర్నూలులో 1883లో పుట్టిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు 1908లో పత్రికలో వచ్చిన ఒక వ్యాసం కారణంగా రాజద్రోహ నేరం మీద జైలుకు వెళ్లారు. అచ్చు మాటకు అంత మూల్యం చెల్లించిన మనిషి తరువాతి జీవితంలో ఎక్కువ కాలం గ్రంథాలయాలకు, వయోజన విద్యకు ఇచ్చారు. ఆ రెండింటినీ దేశభక్తి, విద్యాసేవ అని వేరు వేరు ఖాతాల్లో వేయడం అలవాటైంది గానీ, రెండూ ఒకే పని. రాసే స్వేచ్ఛ ఎంత ఉన్నా, రాసింది చదవలేని జనానికి ఆ స్వేచ్ఛ వల్ల ఒరిగేది తక్కువ. తన పేరిట ఏం రాశారో చదవలేని కూలీకి పక్క ఊరి పిల్ల మస్టరు చదివి వినిపించడం, ఆ వయోజన విద్యా ఉద్యమం తలపెట్టిన పనిలో భాగమే.

దీనికి పూర్తిగా భిన్నమైన చర్చ ఒకటి ఇదే సీమలో ఎనభై ఏళ్లకు పైగా సాగుతోంది. 1937 నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు నివాసమైన శ్రీబాగ్‌లో కోస్తా, రాయలసీమ నాయకులు ఒక ఒడంబడిక చేసుకున్నారు. సీమ వైపు నుంచి కడప కోటిరెడ్డి, కల్లూరి సుబ్బారావు, అనంతపురం నుంచి శ్రీ సాధన పత్రిక నడిపిన పప్పూరి రామాచార్యులు వంటివారు, కోస్తా వైపు నుంచి భోగరాజు పట్టాభి సీతారామయ్య, కొండా వెంకటప్పయ్య వంటివారు ఉన్నారు. విశ్వవిద్యాలయ కేంద్రం, నీటిపారుదల, శాసనసభ స్థానాలు, రాజధాని, హైకోర్టు గురించి అందులో మాటలున్నాయి. 1953 అక్టోబరు 1న కర్నూలు ఆంధ్ర రాష్ట్ర రాజధాని అయింది. 1956 నవంబరు 1న రాజధాని హైదరాబాదుకు వెళ్లిపోయింది. 2014 విభజన తరువాతా, 2019 చివర మూడు రాజధానుల ప్రతిపాదన వచ్చినప్పుడూ శ్రీబాగ్ పేరు మళ్లీ ప్రతి వేదిక మీదా మోగింది. అనుకూలురు దాన్ని చూపించారు, వ్యతిరేకులూ దాన్నే చూపించారు. చిన్న పత్రమే అయిన ఆ ఒడంబడికను మొదటి నుంచి చివరి దాకా చదివి వినిపించిన సభలు ఎన్ని ఉన్నాయని వెతికితే నిరాశే మిగులుతుంది.

చదివితే చర్చ వేరే దారి పట్టేది. రాజధాని, హైకోర్టు ఒకే చోట ఉండకూడదని, రెండింటిలో ఏది కావాలో ఎంచుకునే హక్కు సీమకు ఉందని చెప్పిన అంశమే ఎప్పుడూ ముందుకు వస్తుంది. కృష్ణా, తుంగభద్ర, పెన్నా నదుల నీటిని వాడుకోవడంలో సీమకు, నెల్లూరుకు పదేళ్లపాటు, లేదా పరిస్థితులను బట్టి అవసరమైనంత ఎక్కువ కాలం ప్రాధాన్యం ఇవ్వాలని చెప్పిన అంశం వెనక్కి పోతుంది. ఆ 'అవసరమైనంత కాలం' అన్న మాటను ఎలా అర్థం చేసుకోవాలి? అవసరం తీరిందని ఎవరు నిర్ణయించాలి? చట్టంగా మారని, నాయకులు మాత్రమే సంతకం చేసిన మాట తరువాతి తరాలను ఎంతవరకు కట్టిపడేస్తుంది? ఇవి నిజమైన నైతిక ప్రశ్నలు. వీటికి రెండు వైపులా గట్టి వాదనలు ఉన్నాయి. సంతకం చేసినవారు తమ ప్రాంతాల తరఫున చేశారు కాబట్టి, ఆ ఒడంబడికను నమ్మి ఆంధ్ర రాష్ట్ర ఉద్యమంలో కలిసిన ప్రాంతానికి ఆ మాట బాకీ ఉందని ఒకరు అనవచ్చు. 1937లో ఓటు హక్కే లేని లక్షలాది మందిని నలుగురు పెద్దల మాట ఎలా కట్టిపడేస్తుందని మరొకరు అనవచ్చు. ఈ వ్యాసం మొదటి వాదన వైపే మొగ్గుతుంది. ఒక మాటను నమ్ముకొని ఎదుటివాళ్లు ఇల్లు వదిలి వచ్చాక, దానికి చట్టబద్ధత లేదనడం న్యాయస్థానంలో చెల్లవచ్చు, మనుషుల మధ్య చెల్లదు. ఆ వాదన ఏదైనా, కాగితం తెరిచిన తరువాత చేయాల్సిన వాదన. పత్రం పేరు జెండాలా ఊపి, పత్రాన్ని మాత్రం మడిచి జేబులో పెట్టుకుంటే, అడిగేవాళ్లకు పౌరుషం, వినేవాళ్లకు అనుమానం మిగులుతాయి. నీటి లెక్క మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది.

రోజువారీ రాజకీయ చర్చలో జరుగుతున్నది ఇదే. ఉదయం ఒక పార్టీ ప్రెస్ మీట్, మధ్యాహ్నానికి మరో పార్టీ ప్రెస్ మీట్, రాత్రికి టీవీలో నలుగురి కేకలు, తెల్లవారేసరికి వాట్సాప్‌లో ముక్కలు. ఆరోపణ చేసినవారు, దానికి గురైనవారు ఒకే చోట ఉండరు. ఎవరి చేతిలోనూ అసలు కాగితం ఉండదు, ఉన్నా దాని మొదటి పేజీ కెమెరాకు చూపించి పక్కన పెడతారు. నిన్నటి ఆరోపణ ఏమైందని ఇవాళ అడిగేవారు లేరు. ఈ మూడు లోపాలు ఉన్నంత వరకు, అందులో పాల్గొనేవాళ్ల భాష మర్యాదగా మారినా చర్చ బాగుపడదు. బూతులు తగ్గాలన్న విన్నపం సరైనదే గానీ, మర్యాదగా చెప్పిన అబద్ధం వల్ల కూలీకి జరిగే నష్టం అంతే ఉంటుంది.

చర్చకు ఫలితం లేకపోతే దాని మీద నమ్మకం ఎలా పోతుందో అనంతపురానికి పాత అనుభవం ఉంది. 1952లో జైలు నుంచే పోటీ చేసి, నీలం సంజీవరెడ్డి మీద గెలిచి శాసనసభకు వెళ్లిన కమ్యూనిస్టు నాయకుడు తరిమెల నాగిరెడ్డి, 1969 మార్చిలో తన శాసనసభ్యత్వానికి రాజీనామా చేశారు. ఆ సభలో ఎంత మాట్లాడినా పేదవాడి బతుకు మారదన్నది ఆయన నిర్ధారణ. ఆయన తరువాత ఎంచుకున్న విప్లవ మార్గాన్ని ఒప్పుకోనివాళ్లు కూడా ఆ అభియోగాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. మాట్లాడే అవకాశం ఇచ్చి, మాటకు ఫలితం లేకుండా చేస్తే, మనుషులు మాట మీదే నమ్మకం వదులుకుంటారు.

ప్రజావేదికకు కూడా ఇప్పుడు ఈ ప్రమాదమే ఎదురైంది. దాని లోపాలు దాచిపెట్టి పొగడడం ఆ ఆడవాళ్ల ఓపికకు అన్యాయం చేయడమే. 2017-18 నుంచి 2020-21 వరకు నాలుగేళ్లలో దేశం మొత్తం మీద సామాజిక తనిఖీల్లో సుమారు 935 కోట్ల రూపాయల దుర్వినియోగం తేలగా, తిరిగి రాబట్టింది 12.5 కోట్ల దాకా మాత్రమేనని 2021లో లెక్కలు వెలువడ్డాయి. అంటే వందకు రూపాయిన్నర కూడా లేదు. చట్టాన్ని ఉల్లంఘించినవారికి 2005 నాటి చట్టంలో 25వ సెక్షన్ పెట్టిన జరిమానా వెయ్యి రూపాయలకు మించలేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో జరిగిన తొలి తనిఖీల నివేదికలను వరుస పెట్టి పరిశీలించిన ఆర్థికవేత్తలకు మరొకటి కనిపించింది. తనిఖీ అక్రమాలను పట్టుకుంటోంది గానీ, మొత్తంగా తగ్గించలేకపోతోంది. కూలి చెల్లింపుల్లో సులువుగా దొరికే మోసం బదులు, సామగ్రి బిల్లుల్లో సులువుగా దొరకని మోసం పెరుగుతోంది. తాను ఆ రోజు పనికి పోలేదని కూలీ చెప్పగలదు. సిమెంటు ఎన్ని బస్తాలు పడిందో, కంకర ఏ ధరకు వచ్చిందో ఆమె ఎలా చెప్పగలదు? తనకు తెలిసిన విషయం మీదే సాక్ష్యం చెప్పగలిగిన మనిషిని, తెలియని విషయం జరిగే చోటుకు దూరంగా ఉంచితే చాలు, ఆమె సాక్ష్యం వృథా అయిపోతుంది.

శిక్ష ఎవరి మీద పడుతోందన్నది మరో నైతిక ప్రశ్న. వేదిక మీద చేతులు కట్టుకొని నిలబడేది ఎక్కువగా ఫీల్డ్ అసిస్టెంటే. అతనూ అదే ఊరి మనిషి, అరకొర జీతం, అధికారంలో ఉన్న పార్టీ నాయకుడి సిఫారసు మీద నిలిచిన ఉద్యోగం. ప్రభుత్వం మారితే తనను కూడా మారుస్తారన్న భయం అతనికి ఎప్పుడూ ఉంటుంది. దొంగ హాజరు వేయమని చెప్పిన గొంతు వేదిక దగ్గరకు రాదు. అతను నేరం చేయలేదని కాదు. అతని నేరంలో పెద్ద వాటా ఉన్నవాళ్ల పేర్లు మస్టరులో ఉండవు. కాగితాన్ని ఆధారంగా చేసుకున్న చర్చకు ఉన్న సహజమైన పరిమితి ఇది. కాగితం మీద సంతకం చేసినవాళ్లను పట్టుకుంటుంది, సంతకం చేయించినవాళ్లను వదిలేస్తుంది.

ఊరి జనం పాత్ర గురించి కూడా దాపరికం లేకుండా మాట్లాడుకోవాలి. పనికి రాకపోయినా పేరు వేయించుకొని, ఖాతాలో పడిన సొమ్ములో కొంత తాను ఉంచుకొని కొంత తిరిగి ఇచ్చే ఏర్పాటు చాలా ఊళ్లలో ఉన్నదే. కరువు కాలంలో రెండు వేల రూపాయలు వచ్చే దారిని కాదనుకోవడం ఎంత కష్టమో ఆకలి తెలిసినవాళ్లకే తెలుసు. కానీ అలా పేరు ఇచ్చిన ఇల్లు, తనిఖీ బృందం వచ్చినప్పుడు నోరు విప్పలేదు. ఒకరి మౌనం మరొకరి మౌనాన్ని కాపాడుతుంది, చివరికి నిజంగా ఎండలో గడ్డపార పట్టిన మనిషికి కొలత తగ్గి కూలి తగ్గుతుంది. ఇక భయం సంగతి. పార్టీ తగాదాలు తరాల పాటు సాగిన ఊళ్లలో, పొద్దున వేదిక మీద చెప్పిన మాటకు సాయంత్రం వీధిలో మూల్యం చెల్లించాల్సి రావచ్చు. "ఊర్లో ముఖాలు చూసుకోవాల కదా" అన్న ఒక్క మాటతో ఎన్నో వాంగ్మూలాలు వెనక్కి పోతాయి. ఆ మాట అన్నవాళ్లను పిరికివాళ్లని తీసిపారేయడం తగదు. వాళ్లు రేపు కూడా అక్కడే బతకాలి, అధికారి జీపు సాయంత్రానికి వెళ్లిపోతుంది. నిజం చెప్పమని అడిగే వ్యవస్థకు, చెప్పినవాళ్లను కాపాడే బాధ్యత ఉంది. ఆ బాధ్యత తీసుకోకుండా ప్రజల ధైర్యం గురించి ఉపన్యాసాలు ఇవ్వడమే అనైతికం.

ఈ చిక్కులన్నింటికీ యంత్రమే మందని ప్రభుత్వాలు అనుకున్నాయి. 2021లో పని చోట హాజరు వేయడానికి ఫోన్ యాప్ వచ్చింది. 2023 జనవరి 1 నుంచి అది తప్పనిసరి అయింది. రోజుకు రెండు సార్లు కూలీల ఫొటో తీసి ఎక్కించాలి. సిగ్నల్ లేని గుట్టల దగ్గర, పని ముగించుకున్నా ఫొటో కోసం ఎండలో కాచుకొని ఉండాల్సిన ఆడవాళ్ల కష్టం ఒక ఎత్తు. ఫొటో పడకపోతే చేసిన పనికి కూలి పోవడం మరో ఎత్తు. ఇంత చేసినా మోసం ఆగలేదు. పనికి సంబంధం లేని ఫొటోలు ఎక్కిస్తున్నారనీ, ఫొటోకే ఫొటో తీసి పంపుతున్నారనీ 2025 జూలైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే రాష్ట్రాలకు రాసింది. మోసం దొరకడం, దొరకకపోవడం కన్నా లోతైన విషయం ఇందులో ఉంది. ప్రజావేదికలో కూలీ అడిగేది, అధికారి జవాబు చెప్పేది. యాప్‌లో కూలీ నిరూపించుకునేది, యంత్రం ఒప్పుకునేది. మొదటి దానిలో ఆమె పౌరురాలు, రెండో దానిలో ఆమె అనుమానితురాలు. ఒకే పథకంలో, ఒకే మనిషి విషయంలో, ప్రభుత్వానికీ ప్రజలకూ మధ్య ఉండాల్సిన సంబంధం తలకిందులైంది. దాని మీద బహిరంగ చర్చ దాదాపు జరగలేదు, ఎందుకంటే అది సాంకేతిక మార్పుగా వచ్చింది, రాజకీయ నిర్ణయంగా ఎవరూ ప్రకటించలేదు.

ఫొటోలో ఉన్న మనిషి ఆ రోజు అక్కడ ఉందని ఫొటో చెప్పగలదు, అదీ అన్నిసార్లూ కాదు. గుంటూరులో మిరప్పండ్లు కోస్తున్న మనిషి ఉగాదికి ఇల్లు చేరి, అరుగు మీద కూర్చొని, తన పేరిట రాసిన పంక్తిని విని, "అది నేను కాదు" అని చెప్పడం ఏ ఫొటో వల్లా కాదు. ఆ మాట చెప్పాలంటే ఆమెకు ఎవరో ఆ పంక్తి చదివి వినిపించాలి.

ప్రతి తనిఖీ నివేదికతో పాటు ఉండాల్సిన కాగితం ఇంకొకటి ఉంది: కిందటిసారి వేదిక మీద ప్రకటించిన నిర్ణయాల్లో ఏది అమలైంది, ఎంత రికవరీ ప్రభుత్వ ఖాతాలో జమైంది, ఏ విచారణ ఎక్కడ ఆగింది అన్న పట్టిక. వేదిక మొదలు కాగానే ముందుగా చదవాల్సింది అదే. చాలాసార్లు దాన్ని చదవరు, లేదా 'చర్యలు పురోగతిలో ఉన్నాయి' అన్న ఒక్క వాక్యంతో దాటేస్తారు. పద్దెనిమిది దినాల దొంగ హాజరు గురించి వేలిముద్ర వేసిన మనిషి ఆరు నెలల తరువాత మళ్లీ అదే షామియానా కిందకు వచ్చి, ఆ ఐదు వేల నాలుగు వందలు ఏమయ్యాయో వినడానికి కూర్చుంటుంది. మైకు పట్టుకున్నవాళ్లు తీయాల్సిన మొదటి కాగితం ఆ పట్టిక.